దీపం లేని పెట్టె

టేపు 1

షెడ్డు వాళ్లు నాకో కంప్యూటర్ పెట్టె ఇచ్చారు, వాడి చూడమని. రోజూ ఏం జరిగిందో అదే పెట్టెలో టైపు చేసి, టేపు మీదికి ఎక్కించి ఇవ్వాలట. మేముండే బాయిలో, ఈ పాత గనిలో, కాగితం దొరకదు కాబట్టి ఇదే దారి. సరే, మొదటి రోజే రాస్తున్నాను. ఇది చెత్త పెట్టె.

నా పేరు ఓదెలు. మూడో లెవల్, పడమటి వరస, చివరి గది. పనిచేసేది పెట్టెల షెడ్డులోనే. పైన పాత ఊళ్ల గుట్టల్లోంచి ఏరుకొచ్చిన చిప్పులను నా బల్ల మీద కుప్ప పోస్తారు. సగానికి సగం పాడైపోయినవి. ఒక్కో చిప్పును పెట్టి చూస్తాను. పై సగం బతికి ఉంటే ఎడమ పళ్లెంలోకి, కింది సగం బతికి ఉంటే కుడి పళ్లెంలోకి. ఏ సగం బతికుందో దాన్ని బట్టి బోర్డు మీద ఒక తీగ ముక్క అటో ఇటో అతికిస్తారు. పూర్తిగా మంచిది ఎప్పుడైనా ఒకటి తగులుతుంది. దాన్నీ సగమనే వాడతాం, అన్ని పెట్టెలూ ఒకలాగే ఉండాలని. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. కాల్చుకుంటూ నేర్చుకున్నాను.

పెట్టె సంగతి. అక్షరాలకు బొత్తాలు లేవు. మైనపు గుడ్డ లాంటి దాని మీద అచ్చువేశారు. వేలు తగిలిందో లేదో చేతికి తెలియదు, చెవికి తెలియదు. "గాలి" అని కొడితే "గాగాలి" అని పడుతుంది. తెర ఇవ్వరు, పాత టీవీ మనమే తెచ్చుకోవాలి. మెమొరీ లోపల పట్టలేదని వెనక ఒక డబ్బాలో పెట్టి తగిలించారు. ఆ డబ్బా వదులుగా ఊగుతుంది. గట్టిగా నడిచినా సరే, అది కదిలితే పెట్టెలో ఉన్నదంతా పోతుంది.

బుర్ర ఒక్కటే. అదే తెర మీద బొమ్మ గీయాలి, అదే మీటలు చూడాలి, అదే గది గాలి రెక్కను ఎత్తి పట్టుకోవాలి, వరసలో ఏ గదికి ఎంత గాలి పోవాలో అదే లెక్క చేయాలి. లెక్క బరువైతే మిగతా పనులన్నీ వదిలేస్తుంది. తెర నల్లబడుతుంది. రెక్క కిందికి పడి గది మూసుకుంటుంది. లెక్క అయ్యాక తెర వెలుగుతుంది, రెక్క లేస్తుంది. రోజుకోసారి ఇంతే.

రాసింది టేపు మీదికి ఎక్కించాను. అలాగని పెట్టెలోంచి చెరపలేదు. టేపు మీదికి ఎక్కినవి సగం సార్లు తిరిగి దిగవు. నా తిట్లు నా దగ్గర కూడా ఉండనీ.

టేపు 2

ఈ రోజు లెక్క వేళకు మా అక్క స్వరూప ఇంట్లో ఉన్నాను. మా వరసలోనే మధ్య గది ఆమెది. తెర నల్లబడగానే ఆమె పొయ్యి మీది గిన్నె దించి, బిడ్డను ఒళ్లోకి లాక్కుని, చేతులు కట్టుకుని పెట్టె ముందు కూర్చుంది. బిడ్డ పేరు చుక్క, ఇంకా ఏడాది నిండలేదు. అది కూడా నోట్లో వేలు పెట్టుకుని ఊరుకుంది. పసిపిల్లలకు ఇక్కడ మొదట నేర్పేది అదే.

పెట్టె కింద ఒకప్పుడు "తెర నల్లగా ఉన్నప్పుడు కదిలించరాదు" అని అచ్చువేసి ఉండేది. వెనక డబ్బా ఊగకూడదని రాసిన మాట అది. మా వాళ్లు దాన్ని ఎక్కడికో తీసుకుపోయారు. లెక్క జరుగుతుంటే దంచరు, దగ్గరు, మాట్లాడరు. తలుపుకు బయట ఎర్రగుడ్డ వేలాడదీస్తారు. గుడ్డ ఉన్న తలుపును ఎవరూ తట్టరు. ఇంట్లో లేకపోయినా పోయేముందు గుడ్డ కట్టి పోవాలి. గుడ్డ ఉండగా తలుపు తీస్తే గదిలో గాలి మారి వరస మొత్తం లెక్క మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, తీసినవాడితో నెల రోజులు ఎవరూ మాట్లాడరు.

ఈ మౌనానికి కాపలా మా బావ సదయ్య. వరస జవాను. కర్రకు కింద గుడ్డ చుట్టుకుని, వట్టి కాళ్లతో ఈ చివరి నుంచి ఆ చివరికి పిల్లిలా నడుస్తాడు. లెక్క అయిపోయాక ఆయనే ఒక్కో తలుపుకు గుడ్డ విప్పుతాడు. అప్పుడే బయటికి రావాలి. ఆ పనంటే ఆయనకు ఎంత గర్వమో, ఆయన నడకంటే నాకు అంత మంట.

నేను లోపల ఈల వేశానని గుడ్డ విప్పాక అడిగాడు. వేశానన్నాను. "బామ్మర్దీ, నీ నోరు పెట్టెల పెడితే పెట్టె గూడ పేలుతది," అన్నాడు. అక్క నవ్వింది. నాకు ఒళ్లు మండింది. తెర నల్లగా ఉన్నంత సేపూ నేను చూసింది తెరను కాదు, కింద పడ్డ రెక్కను. గదిలో ముగ్గురం, ఒక పొయ్యి. గాలి వచ్చే దారి లేదు. ఇదివరకు లెక్క అంటే బియ్యం కడిగేలోపు అయ్యేది. ఇప్పుడు అన్నం ఉడికినా కాలేదు. కింద రెండు కొత్త వరసలు తవ్వారు. గదులు పెరిగితే లెక్క పెరుగుతుంది, పెట్టె బుర్ర మాత్రం పెరగదు.

టేపు 3

లింగవ్వ చనిపోయింది.

వరస మలుపులో ఒంటరిగా ఉండేది. పని దిగి వస్తుంటే సర్వపిండి ముక్క చేతిలో పెట్టి, పండ్లున్నోనివి నమిలి చెప్పురా ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ఆమె తలుపుకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. లెక్క అయిపోయింది, వరసంతా రెక్కలు లేచాయి, ఆమె గుడ్డ మాత్రం అలాగే ఉంది. బావ విప్పబోతే లోపల తెర నల్లగా ఉందని సందులోంచి కనబడింది. ముసలిదాని పెట్టె పాతది, ఇంకా లెక్కలో ఉందనుకున్నాడు. పక్కింటివాళ్లు కూడా అదే అనుకున్నారు. మరుసటి లెక్క వచ్చింది, పోయింది. గుడ్డ కదల్లేదు. ఆమె దీక్షను మెచ్చుకున్నారు కూడా. ఎంత ఓపిక, ఈ కాలం పిల్లలకు ఉందా అని.

తలుపు తీసింది నేనే. ఆమె పెట్టె ముందు కూర్చునే ఉంది. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని. ముఖంలో బాధ లేదు. బాయిలో చెడ్డగాలి గురించి మా తాతలు చెప్పిన మాట నిజం, అది ముందు భయం తేదు, నిద్ర తెస్తుంది.

పెట్టెను విప్పి చూశాను. కరెంటు దిమ్మ వేడెక్కి మాడిపోయింది. లెక్క మొదలై తెర నల్లబడింది, ఆ తర్వాత ఎప్పుడో పెట్టె చచ్చిపోయింది. ఆలోచిస్తున్న పెట్టె తెర నలుపు. చచ్చిన పెట్టె తెర కూడా నలుపే. తేడా చెప్పడానికి దాని మీద గోరంత దీపం కూడా లేదు. ఆమె ఎదురుచూసింది. మేమందరం బయట, మర్యాదగా, ఆమె చచ్చేదాకా ఎదురుచూశాం.

ఇది తయారుచేసే షెడ్డులో నేను తిండి తింటున్నాను. ఒక్కో అక్షరం మూడు మూడు సార్లు పడుతోంది. పడనీ. ఒక్కటి మాత్రం సరిగ్గా కొడతాను: మా అక్క ఇంట్లో ఉన్నది కూడా అదే పెట్టె.

టేపు 4

అనసూయ మేడం దగ్గరికి పోయాను. పెట్టెను గీసింది ఆమే. షెడ్డు చివర పరదా కట్టుకుని ఉంటుంది, వేళ్ల నిండా కాలిన మచ్చలు. పొమ్మంటుందని, తిట్టుకోవచ్చని తయారై పోయాను. కూర్చోమంది.

దీపం ఎందుకు పెట్టలేదని అడిగాను. లింగవ్వ చేతులు ఎలా ఉన్నాయో చెప్పాను. ఆమె నేను ఆగేదాకా విన్నది. తర్వాత బోర్డు ఒకటి తీసి బల్ల మీద తిరగేసింది. బుర్ర చిప్పుకు ఉన్న కాళ్లన్నీ ఒక్కొక్కటి పెన్నుతో తాకి చూపింది. ఇవి మీటలకు, ఇది టేపుకు, ఇది టీవీకి, ఇవి పక్క గది తీగకు, ఇది రెక్కకు. ఖాళీ కాలు ఒక్కటీ లేదు. కరెంటు తీగకు దీపం పెడితే కరెంటు ఉందనే చెబుతుంది, బుర్ర ఆడుతోందని చెప్పదు. అది చెప్పాలంటే రెండో చిప్పు కావాలి.

పెట్టండి మరి అన్నాను.

"పెడ్తే ఆరు ఇండ్లల్ల ఒక ఇంటికి పెట్టె రాదు," అంది. "ఏ ఇల్లో నువ్వు చెప్పు, ఓదెలూ. చివర్ల పెట్టెలు వచ్చింది మీ పడమటి వరసకే."

నాకు ఇంకా కోపం వచ్చింది. సరే, రెక్క కిందికి ఎందుకు పడాలి, పైకి తెరుచుకుని ఉండిపోవచ్చు కదా అన్నాను. అలా ఉంటే మొదటి గదులే గాలంతా తాగేస్తాయని, పెద్ద ఫ్యాన్ గాలి చివరి గదులదాకా రాదని చెప్పింది. చివరి గది నాదే. ఆమె ఆ మాట అనలేదు. నేనే అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పింది. లెక్క వరస మొదటి గదిలో మొదలై, పెట్టె నుంచి పెట్టెకు చివరి గదిదాకా పోయి తిరిగి రావాలి. కరెంటు పోయిన పెట్టెను తీగ దాటేసి పోతుంది, అందుకే లింగవ్వ పెట్టె చచ్చినా వరస ఆగలేదు. కరెంటు ఉండి బుర్ర చిక్కుబడిన పెట్టెను మాత్రం దాటదు. అది ఇంకా ఆలోచిస్తోందనుకుని మిగతా పెట్టెలన్నీ ఎదురుచూస్తాయి.

ఎంతసేపు అని అడిగాను.

ఇంతసేపే ఆగమని పెట్టెకు చెప్పడానికీ లోపల చోటు చాల్లేదంది. నా కళ్లలోకి చూడలేదు.

బయటికి వచ్చి నా పక్క బల్ల కౌసర్‌తో అంతా కక్కేశాను. కౌసర్ తీగలు అతికిస్తుంది, నాకంటే ముందు నుంచి షెడ్డులో ఉంది. దీపం లేకపోతే చెవి లేదా అంది. ఆమె బల్ల మీద చిన్న రేడియో ఒకటి ఉంటుంది, అతికిన పెట్టె పక్కన పెట్టి వింటుంది. షెడ్డులో అందరికీ తెలిసిన పనే. బుర్ర లెక్కలో ఉంటే రేడియోలో పిచ్చుకల గోలలా వినబడుతుంది. పక్క పెట్టె కోసం ఎదురుచూస్తుంటే టిక్ టిక్ మంటుంది. చిక్కుబడితే ఈగ లాగా ఒకటే మోత.

మా అక్క పెట్టెను ఒకసారి వినిపెట్టమన్నాను. "నీ కోపం జర చల్లబడ్డంక వస్త, ఇప్పుడొస్తే రేడియోల నీ మోతే వినబడ్తది," అంది. వచ్చే వారం అని మాట ఇచ్చింది.

టేపు 5

నిద్ర లేదు. కళ్లు మూస్తే కట్టుకున్న చేతులు కనబడుతున్నాయి. ఎవరివో తెలియడం లేదు.

మా అక్క పెట్టెలోని చిప్పులు ఏ పళ్లెంలోంచి పోయాయో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. సగం బతికిన చిప్పు రెండో సగం ఎప్పుడు చస్తుందో ఎవరు చెబుతారు. నేను వేలితో ముట్టి ఇది మంచిదని పళ్లెంలో వేసిన చిప్పు మీద నా మేనకోడలు ఊపిరి ఆధారపడి ఉంది. నాకు భయం వేస్తోంది. ఇది రాయడం ఇష్టం లేదు, అయినా రాస్తున్నాను.

అక్కకు చెప్పి చూశాను. లెక్క మరీ పొడుగైతే తలుపు తీసి, బిడ్డను తీసుకుని బయటి దారిలో కూర్చోమన్నాను. దారిలో అయితే పెద్ద ఫ్యాన్ గాలి ఎప్పుడూ ఆడుతుంది. జవాను పెండ్లామే గుడ్డ దాటితే వరస ఏమంటుందంది. ఏమన్నా అననీ అన్నాను. "నీకు ఒక్కని బతుకు, తమ్మీ. నా ఇల్లు తలుపు తీస్తే ముప్పై ఇండ్ల లెక్క పోతది. వాళ్ల పిల్లలు పిల్లలు కారా?" అంది. మా అక్క ఎప్పుడూ ఇంతే, నన్ను నా మాటలతోనే కొడుతుంది.

లెక్క ఇవాళ ఇంకా పొడుగైంది. కొత్త వరసల గదులు కూడా కలిశాయట. తెర వెలిగాక నా పెట్టె ఒక్క క్షణం పిచ్చి గీతలు చూపించి సర్దుకుంది. రాసుకున్నవి ఉన్నాయో లేదో చూశాను. ఉన్నాయి. మొదటి టేపు నుంచి తిట్లన్నీ వరసగా ఉన్నాయి. పైనుంచి కిందిదాకా చదువుకున్నాను. ఒక్క మాట కూడా చెరపబుద్ధి కాలేదు. ఈ బాయిలో నాకు నా మాటలు తప్ప నాదంటూ ఏముంది.

టేపు 6

ఇది షెడ్డు పెట్టె మీద రాస్తున్నాను. మొదటి నుంచి రాయాలి.

పొద్దున తలుపుకు ఎర్రగుడ్డ కట్టి షెడ్డుకు పోయాను. షిఫ్టు దిగాక కౌసర్ రేడియో తీసుకుని నా వెంట వచ్చింది. దారంతా ఏదో చెబుతూనే ఉంది, నేను విన్నట్టు తలూపాను. పడమటి వరస మలుపు తిరిగాం.

రెండు పక్కలా అన్ని తలుపులకూ గుడ్డలు వేలాడుతున్నాయి.

ఆ వేళకు లెక్క ఉండకూడదు. పొద్దుటి అన్నాలప్పుడు మొదలై ఎప్పుడో అయిపోవాలి. దారిలో మా బావ ఒక్కడే, గుడ్డ చుట్టిన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. నేను దగ్గరికి పోయి చెవిలో అడిగాను, ఎప్పటి నుంచి అని. పొద్దుటి నుంచేనన్నాడు. పెద్ద లెక్క అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

అక్క ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉన్నరు," అన్నాడు. "సప్పుడే లేదు."

నేను మా అక్క తలుపు వైపు పోతుంటే ఆయన కర్ర అడ్డం పెట్టాడు. కొట్టేవాణ్ణే. కౌసర్ మధ్యలోకి వచ్చి, రేడియో తలుపుకు కూడా తగలదని, దూరం నుంచే వింటామని నిదానంగా చెప్పింది. ఆయన కర్ర దించాడు. ఆయనకూ ఎవరైనా వచ్చి అలా చెప్పాలనే ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

అక్క తలుపు పక్కన రేడియో పెట్టాం. ముగ్గురం తలలు దగ్గరగా పెట్టి విన్నాం. టిక్. టిక్. టిక్. పెట్టె బతికే ఉంది. ఎదురుచూస్తోంది. పక్క గది దగ్గర పెట్టాం. టిక్ టిక్. ఎదుటి గదిలోనూ అంతే. ఎక్కడా పిచ్చుకల గోల లేదు. వరసలో ఏ పెట్టే లెక్క చేయడం లేదు. అన్నీ ఎవరి కోసమో ఆగి ఉన్నాయి. లోపల మనుషులు వాటి కోసం ఆగి ఉన్నారు.

బావకు ఇదంతా చెప్పాను. తలుపులన్నీ పగలగొడదాం అన్నాను. ఆయన వద్దన్నాడు. ఒక తలుపు తీస్తే లెక్క మొదటికి వస్తుంది, చిక్కుబడిన పెట్టె అలాగే ఉంటే మళ్లీ అన్ని రెక్కలూ పడి ఉంటాయి, ముప్పై తలుపుల వెనక నిద్రలో ఉన్నవాళ్లను మోయడానికి మనం ముగ్గురమే ఉన్నాం అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. ముందు ఆ పెట్టె ఏదో పట్టుకోమన్నాడు. లోపల ఆయన బిడ్డ ఉంది.

ఒక్కో తలుపు దగ్గరా రేడియో పెట్టుకుంటూ పోయాం. టిక్ టిక్. టిక్ టిక్. పరుగెత్తాలని ఉంది, కానీ రేడియోతో పరుగెడితే ఏమీ వినబడదు. ప్రతి తలుపు దగ్గరా, ఇది కావాలి ఇది కావాలి అనుకున్నాను. ఎవరింటిదో ఒకరిది అయితే నేను వాళ్లను తిట్టుకోవచ్చు. షెడ్డును తిట్టుకోవచ్చు.

వరస చివరికి వచ్చాం. ఇంకో తలుపు లేదు, నాది తప్ప. పొద్దున నేను కట్టిన ముడి అలాగే ఉంది.

రేడియోలో ఈగ మోత వచ్చింది.

కౌసర్ నా ముఖం చూసింది. తలుపు తోసి లోపలికి పోయాను. తెర నల్లగా ఉంది. డబ్బా వెనక తగిలించే ఉంది. దాన్ని పట్టి లాగితే చాలు. డబ్బా లేని పెట్టెను తీగ దాటేసి పోతుంది. నాకు తెలుసు. రోజూ షెడ్డులో అలాంటివి ఎన్ని పీకానో లెక్క లేదు.

నా చెయ్యి లేవలేదు.

చిన్నప్పటి నుంచీ ఈ మౌనాన్ని వెక్కిరించినవాణ్ణి నేను. ఈల వేసినవాణ్ణి. నల్లతెర ముందు నిలబడ్డాక నా చేతులు వాటంతట అవే వచ్చి ఛాతీ మీద కట్టుకున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. లింగవ్వ చేతులు అలాగే ఉన్నాయి. ఒకవేళ ఇంకా ఆలోచిస్తోందేమో, ఇంకో క్షణంలో వెలుగుతుందేమో అని నా లోపల ఎవరో అంటున్నారు. రేడియో నా వెనకే మోగుతోంది, అయినా అంటున్నారు.

"జరుగు," అన్నాడు మా బావ.

నన్ను భుజంతో తోసి, రెండు చేతులతో డబ్బాను పట్టుకుని పీకాడు. పీకినవాడు దాన్ని కింద పెట్టలేదు. చచ్చిన కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన ఒక్క తలుపు కూడా తట్టలేదు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత పక్క గదిలో టక్ మని రెక్క లేచింది. తర్వాత దాని పక్కది. చివరి నుంచి మొదటికి ఒక్కో రెక్కా లేచుకుంటూ పోయింది. గాలి లోపలికి పోతున్న చప్పుడు వరసంతా వినబడింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. బావ వచ్చి గుడ్డ విప్పాలి కదా. మెలకువగా ఉన్నవాళ్లు కూడా అందుకే కూర్చుని ఉన్నారు.

మేం ముగ్గురం గుడ్డలు లాగేసుకుంటూ, తలుపులు తన్నుకుంటూ పరుగెత్తాం. మా అక్క గోడకు ఒరిగి ఉంది. చుక్క ఆమె ఒళ్లో, పెదవులు నేరేడుపండు రంగులో. బావ బిడ్డను ఎత్తుకుని దారిలోకి పరుగెత్తాడు. నేను అక్కను చంకల కింద పట్టి ఈడ్చాను. ఆమె కళ్లు తెరిచి, గుడ్డ ఇప్పిండ్రా అని అడిగింది. ఇప్పిండ్రు అక్కా అన్నాను. అప్పుడు ఏడ్చాను.

చుక్క చాలాసేపు ఏడవలేదు. బావ దాన్ని వీపు మీద తడుతూ, ఊదుతూ, పెద్ద ఫ్యాన్ వైపు పట్టుకుని నడుస్తూనే ఉన్నాడు. చివరికి అది ఏడ్చింది. సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు.

మిగతావాళ్లందరూ లేచారు. కొందరు వాంతి చేసుకున్నారు, కొందరు తలుపు ఎవడు తన్నాడని తిట్టారు. ఆ తిట్లు వింటుంటే హాయిగా ఉంది.

టేపు 7

అనసూయ మేడం మా గదికి వచ్చింది. నా పెట్టెనూ టేపులనూ ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. నా మెమొరీలో తప్పు లేదు. చిప్పుల్లో తప్పు లేదు. తీగ ముక్క సరైన వైపే అతికి ఉంది. లెక్క పెరిగి పెరిగి తనకు ఇచ్చిన చోటు దాటి పక్కకు నడిచింది. పక్కన నా రాతలు ఉన్నాయి. నా మాటలను అంకెలనుకుని కూడబోయి అక్కడ చిక్కుబడింది. వరసలో ఇంకెవరూ పెట్టెలో ఏమీ రాసుకోరు. నేనే.

లెక్కకూ రాతకూ మధ్య గోడ ఎందుకు కట్టలేదని అడగబోయాను. జవాబు నాకే తెలుసు. గోడకు కూడా చోటు కావాలి.

టేపు మీదికి ఎక్కించాక చెరిపేయమని నాకు చెప్పాల్సిందంది. తనకు తోచలేదంది. ఆమె నన్ను తిట్టలేదు. నేనూ ఆమెను తిట్టలేదు. మా అక్క ఇద్దరికీ టీ ఇచ్చి, మీ ఇద్దరి మౌనం జూస్తే మళ్లీ లెక్క మొదలైందేమో అనిపిస్తుంది అంది.

దీపం రాదు. ఈ ఏడాది రాదు, వచ్చే ఏడాదీ రాకపోవచ్చు. కాళ్లు లేవు, చిప్పులు లేవు. అందుకని ఎర్రగుడ్డలు తలుపుల మీది నుంచి తీసేశాం. చీల్చి, పెట్టెకూ వెనక డబ్బాకూ కలిపి గట్టిగా కట్టాం, ఇల్లు అదిరినా ఊగకుండా. బావ కర్రకు చుట్టిన గుడ్డ విప్పేశాడు. దాన్ని కూడా నా పెట్టెకే కట్టాడు. ఇప్పుడు లెక్క వేళ ఆయన చెప్పులు వేసుకుని నడుస్తాడు. ఒక్కో తలుపూ కర్రతో కొడతాడు. లోపలివాళ్లు పలకాలి. పలకని తలుపు పగలగొట్టాలి, లెక్క పోతే పోనీ. ఒక ముసలాయన మొదటి రోజు మొహమాటపడి పలకలేదు. ఆయన తలుపు ఇప్పుడు రెండు ముక్కలు.

పాతవాళ్లకు ఈ గోల నచ్చలేదు. నాకూ నచ్చలేదు. మనుషులు గొంతు చించుకుని బతికున్నామని చెప్పుకోవాలా, ఒక చిప్పు కాలు మిగలనందుకు. కోపం పోలేదు. భయం దాని పక్కనే కూర్చుంది, ఒకే చోటు ఇద్దరూ పంచుకుంటున్నారు. చుక్క ఎడమ చేతిలో వేలు పెడితే ఆ రోజు నుంచి గట్టిగా పట్టడం లేదు. ఇవాళ కొంచెం పట్టినట్టు అనిపించింది. నాకు అనిపించిందేమో.

లెక్క వేళ అయింది. ఇది టేపు మీదికి ఎక్కించి, పెట్టెలోంచి మొత్తం చెరిపేయాలి. టేపు మళ్లీ దిగుతుందో లేదో తెలియదు. అయినా చెరుపుతున్నాను.

వరస మొదట్లో కర్ర చప్పుడు మొదలైంది. ఒక్కో గొంతూ పలుకుతోంది. దగ్గరికి వస్తోంది. ఇప్పుడు మా అక్క తలుపు కొట్టాడు.

ఆమె పలికాక చెరుపుతాను.